పాకాల గుట్టలపై నుండి

పర్వతారోహణమనగానే మనకు హిమాలయములు స్ఫురించును. త్రాళ్లును మంచుగొడ్డళ్లును అక్కరలేని చిన్న గుట్టలను మనము లెక్కింపము. నర్సంపేటకు తూర్పున సుమారు 12 కిలోమీటర్ల దూరముననున్న పాకాల గుట్టలు అట్టివే. వాని ఎత్తు స్వల్పము. చూపునకు అందునది మాత్రము స్వల్పము కాదు.

కట్టపై నిలుచున్నవారికి చెరువు సముద్రమువలె తోచును గాని, అది ఎట్లేర్పడెనో బోధపడదు. చెంతనున్న మిట్టనెక్కి చూచిన బోధపడును. చుట్టును గుట్టలు, నడుమ పల్లము, వాననీరు జారిపోవుటకు ఒక సందు. కాకతీయ గణపతిదేవుని యేలుబడిలో, 13వ శతాబ్దమున, జగదాళ ముమ్మడి ఆ సందునకే కట్ట వేయించెను. తక్కిన గోడలను ప్రకృతియే కట్టియుంచెను. అన్నియు తానే కట్టవలసివచ్చినచో ఏ రాజు బొక్కసమును చాలదు! మున్నేరు ఇచ్చట పుట్టి కృష్ణలో కలియుచున్నది.

ఈ గుట్టల అడవి 1952లో వన్యమృగ సంరక్షణకేంద్రమైనది. మృగములకే కాదు, చెరువునకును ఈ అడవి కావలియే. చెట్టు వేరు మట్టిని పట్టియుంచును. చెట్టు పోయినచో ఆ మన్ను వానతో దిగి చెరువున మేటవేయును. మేటవేసినంత మేర నీటికి చోటు తగ్గును. కట్టకు దిగువనున్న వరిమళ్లు తడియవు. కావున గుట్టనెక్కువారు అటవీశాఖవారి అనుమతి గైకొని, త్రోవ నెరిగినవారిని వెంటబెట్టుకొని, కాలిబాట విడువక నడువవలెనని మేము కోరుచున్నాము. పొయ్యి రాజేయరాదు. వానలు వెలసిన కార్తికమున, ఉదయముననే ఎక్కుట మేలు. ఎండ ముదిరినచో నీటి మెరపునకు ఆవలి గుట్టలు కానరావు.