ఉమ్మడి అలమార: సర్వరులు ఫైళ్ళను కాపాడు విధము

2017 మే 12వ తేదీన 'వన్నాక్రై' అను హానికర ప్రోగ్రాము ప్రపంచమంతటా కంప్యూటర్లను పట్టుకొనెను. మరునాటికి మన రాష్ట్రములోను దాని జాడ కనబడెను. మా పుత్తూరు 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరినది గాని, నాడు చిత్తూరు జిల్లాలోనిదే. ఆ చిత్తూరుతో పాటు కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాలలో 18 పోలీసు విభాగముల కంప్యూటర్లు దీని వాత పడెనని అధికారులు ప్రకటించిరి. చిక్కిన కంప్యూటరులోని ఫైళ్ళన్నియు చదువరాని సంకేతములుగా మారిపోవును. తిరిగి కావలెనన్న 300 డాలర్లు చెల్లింపుమని తెరపై హెచ్చరిక కనిపించును.

ఇది కంప్యూటరు నుండి కంప్యూటరుకు ఏ దారిన పాకినది? ఫైళ్ళను పదిమంది పంచుకొనుటకై ఏర్పరచిన దారిననే. కావున ఆ దారి ఎట్టిదో, దానికి కాపలా ఎవరో ప్రతి ఉపాధ్యాయుడును తెలిసికొనవలెను.

సర్వరు అనగా నేమి?

ఉపాధ్యాయుల గదిలోని అలమారను తలచుకొనుడు. మార్కుల రిజిస్టరు అందులో నుండును. తాళపుచెవి కొందరి వద్దనే యుండును. ఒకరు వ్రాయుచుండగా వేరొకరు ఆగవలెను. చెదలు పట్టకుండ చూడవలెను. కంప్యూటర్ల ప్రయోగశాలలో అట్టి ఉమ్మడి అలమారయే సర్వరు. దానిని నడుపు ఆపరేటింగ్ సిస్టమే కాపలాదారు.

1980లలో ఈ పనికి 1983లో వచ్చిన నోవెల్ వారి నెట్‌వేర్ ప్రసిద్ధి పొందెను. ఇప్పుడు ఎక్కువగా వాడుకలో నున్నవి రెండు: మైక్రోసాఫ్ట్ వారి విండోస్ సర్వర్, ఉచితముగా దొరకు లినక్సు. ఫైళ్ళను పంచుటకు విండోస్ వాడు భాష పేరు ఎస్.ఎం.బి.; ఇది 1983లో ఐ.బి.ఎం. సంస్థలో పుట్టినది. యూనిక్సు, లినక్సుల భాష ఎన్.ఎఫ్.ఎస్.; దీనిని 1984లో సన్ సంస్థ వెలువరించెను. ఆస్ట్రేలియాలో పరిశోధక విద్యార్థిగా నుండిన ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో రెండు వర్గములకు వంతెన కట్టెను. ఆతని ప్రోగ్రామునకు తరువాత 'సాంబా' అను పేరు వచ్చెను. దాని వలన లినక్సు సర్వరు విండోస్ కంప్యూటర్లతో వాటి భాషలోనే మాటలాడగలదు.

తాళపుచెవి ఎవరి వద్ద?

లినక్సులో ప్రతి ఫైలునకును యజమాని, అతని బృందము, ఇతరులు అని మూడు తరగతులు కలవు. చదువుటకు 4, వ్రాయుటకు 2, నడుపుటకు 1 అని అంకెలు వేసి కూడుదురు. మార్కుల ఫైలునకు 640 అని నిర్ణయించినచో అధ్యాపకుడు చదివి వ్రాయగలడు (4+2=6), శాఖలోని వారు చదువగలరు (4), విద్యార్థులు తాకలేరు (0).

విండోస్ పద్ధతి ఇంకను వివరమైనది. ఎవరెవరికి ఏమేమి చెల్లునో, ఏమి చెల్లదో పేరుపేరున పట్టికగా వ్రాయవచ్చును. అవసరమైనచో లినక్సులోను ఇట్టి పట్టిక పెట్టుకొనవచ్చును. విండోస్‌లో పంచిన ఫోల్డరునకు ఒక అనుమతి, డిస్కు మీది ఫైలునకు వేరొక అనుమతి యుండును. నెట్‌వర్కు ద్వారా వచ్చువారికి రెండింటిలో కఠినమైనదే వర్తించును. ఇది తెలియక 'అందరికి అన్ని హక్కులు' అని రెండు చోట్లను తెరచిపెట్టుట పాఠశాలలలో సాధారణమైన పొరపాటు.

ఎస్.ఎం.బి. పేరును, రహస్యపదమును అడుగును. ఎన్.ఎఫ్.ఎస్. పాత పద్ధతిలో అడుగదు. ఎదుటి కంప్యూటరు చెప్పిన వినియోగదారు సంఖ్యనే నమ్మును. కనుక అన్ని కంప్యూటర్లును మన అదుపులో నున్నచోటనే అది తగును.

కరెంటు పోయినచో

ఫైలు సగము వ్రాయబడి యుండగా కరెంటు పోయినచో డిస్కు లెక్కలు తారుమారగును. దీనికి విరుగుడు దినచర్య పుస్తకము. చేయబోవు మార్పును ముందుగా అందులో వ్రాసి, పిదప పని చేయుదురు. కరెంటు వచ్చిన తరువాత ఆ పుస్తకమును చూచి లెక్క సరిచేయుదురు. 1993లో విండోస్ ఎన్.టి.తో వచ్చిన ఎన్.టి.ఎఫ్.ఎస్.లోను, లినక్సు వారి ఈ.ఎక్స్.టి.4లోను ఈ ఏర్పాటు కలదు. ఇది డిస్కు అమరికను కాపాడునే గాని, మీరు వ్రాయుచున్న చివరి వాక్యమును కాపాడునని హామీ లేదు.

డిస్కు చెడినచో

మూడు డిస్కులలో వరుసగా 1, 0, 1 అను అంకెలున్నవనుకొనుడు. ఒకట్ల సంఖ్య సరిసంఖ్య అగునట్లు నాల్గవ డిస్కులో 0 ఉంచుదము. రెండవ డిస్కు పాడైనచో మిగిలినవి 1, 1, 0. ఒకట్లు ఇప్పటికే రెండు. కావున పోయినది 0 అని లెక్కగట్టవచ్చును. నాలుగు డిస్కులలో ఒక డిస్కంత చోటును ఇట్లు త్యాగము చేసి, ఏ ఒక్కటి చెడినను తట్టుకొందురు. ఇదే రెయిడ్-5. విండోస్, లినక్సు రెండును దీనిని చేయగలవు.

అయితే ఏ డిస్కును ఆగిపోకయే ఒక అంకె తప్పు చదువబడినచో? సన్ సంస్థ 2005లో వెలువరించిన జెడ్.ఎఫ్.ఎస్. ప్రతి భాగమునకును సరిచూపు మొత్తమును దాచి, చదివినప్పుడెల్ల పోల్చును. తప్పు తోచినచో రెండవ ప్రతి నుండి దిద్దును. లినక్సు మీదను దీనిని వాడవచ్చును.

నిన్నటి ప్రతి

పొరపాటున చెరిపిన ఫైలును రెయిడ్ తిరిగి ఈయలేదు. చెరుపుటయు అన్ని డిస్కులలోను నమ్మకముగా జరిగిపోవును! దీనికి కావలసినది స్నాప్‌షాట్. జెడ్.ఎఫ్.ఎస్. పాత భాగము మీద వ్రాయక, మార్పును కొత్తచోట వ్రాయును. పాతది చెక్కుచెదరదు. 100 గిగాబైట్లలో ఒక్కటి మారినచో అదనముగా పట్టు చోటు సుమారు ఒక గిగాబైటు మాత్రమే. 2003 నాటి విండోస్ సర్వర్ నుండి 'షాడో కాపీ' అను పేర ఇట్టి సౌకర్యమే కలదు.

కాని వన్నాక్రై తాను సోకిన కంప్యూటరులో షాడో కాపీలను సైతము చెరిపివేయ జూచెను. సర్వరులోనే యుండు ప్రతి సర్వరుతో పాటే పోవచ్చును. విరిగిన ఎముకకు పుత్తూరు కట్టు కలదు. వేరొక ప్రతి లేని ఫైలునకు ఏ కట్టును లేదు.

ఏది మేలు?

అన్నియు విండోస్ కంప్యూటర్లయి, అనుమతి పట్టిక సులువుగా నడుపవలెనన్న విండోస్ సర్వర్ అనుకూలము. కాని సర్వరునకే గాక, దానిని వాడువారి లెక్కన కూడ రుసుము చెల్లింపవలసి యుండును. డబ్బు తక్కువయై, నేర్చుకొను ఓపిక యున్నచో లినక్సు, సాంబా చాలును. ఏదియు తనంతట తాను సురక్షితము కాదు. వన్నాక్రై ప్రవేశించిన ఎస్.ఎం.బి. లోపమునకు మైక్రోసాఫ్ట్ వారు మార్చి 14ననే దిద్దుబాటు విడుదల చేసియుండిరి. దానిని వేసికొననివారు మే నెలలో నష్టపోయిరి. అదే మే 24న సాంబాలోను తీవ్రమైన లోపము బయటపడి, దిద్దుబాటు వెలువడెను.

కావున పాఠశాలలో సర్వరు పెట్టువారు మూడు పనులు మరువరాదు: దిద్దుబాట్లు వెంటనే వేయుట, మొదటి తరము ఎస్.ఎం.బి.ని మూసివేయుట, వారమునకొక ప్రతిని విడి డిస్కులోనికి తీసి, తీగ ఊడదీసి బీరువాలో పెట్టుట. నెలకొకసారి విద్యార్థుల ఎదుట ఒక ప్రయోగము చేయుడు. అక్కరలేని ఫైలు నొకదానిని సర్వరు నుండి చెరిపి, ఆ విడి డిస్కు నుండి తిరిగి తెప్పించుడు. అది వచ్చినచో మీ ఏర్పాటు పనిచేయుచున్నట్లు. రానిచో ఆ సంగతి పరీక్షల ముందే తెలిసినట్లు.