గుంటూరు సీమ వర్తకుల మండువా లోఁగిలి

చతుశ్శాల యనఁగా నాలుగు శాలలుగల గృహమని నిఘంటువులు చెప్పును. వరాహమిహిరుఁడు బృహత్సంహితయందు సర్వతోభద్రము, నంద్యావర్తము, వర్ధమానము, స్వస్తికము, రుచకము అని దాని భేదము లైదింటిని బేర్కొనెను. అర్థ మింత సులభమైనను ఆ కట్టడము పనిచేయు తీరు ఇల్లు చూచినఁగాని తెలియదు. గుంటూరు, చీరాల, వేటపాలెము మున్నగు వర్తకస్థానములలోని పాత మండువా లోఁగిళ్లు దానికి దగ్గఱి నిదర్శనములు.

ఈ సీమలో వర్తకము ప్రాచీనము. ధాన్యకటక స్తూపమునకు వణిజులు చేసిన దానములను అమరావతి శాసనములు తెలుపుచున్నవి. 1244లో కాకతి గణపతిదేవుఁడు మోటుపల్లియందు సముద్రవర్తకులకు అభయశాసన మిచ్చెను. ఆ నాఁటి యిండ్లు నిలువలేదు. ఇప్పుడు కనఁబడు లోఁగిళ్లు చాలవఱకు 19వ శతాబ్దమునకును, 20వ శతాబ్దపుఁ దొలిపాదమునకును జెందినవి.

వర్తకుని యింటిలో బయటిభాగము బేరమునకు, లోపలిభాగము సంసారమునకు. వీథివైపు నెత్తైన యరుగులుండును. సరకు తెచ్చిన రైతు కూర్చుండి ధర మాటాడు చోటది. సింహద్వారపుఁ బైకమ్మిమీఁదఁ దఱచుగా గజలక్ష్మి చెక్కఁబడియుండును. ద్వారము దాఁటఁగానే నడవ. దాని ప్రక్కగది చిట్టా యావర్జాలకు. పత్తికి నిప్పుభయమును, మిరపకు ఘాటును గలవు గనుక వానికి వేఱు కొట్లు కావలయును. ఇంటఁ జేరునవి ధాన్యము, దస్తావేజులు, భోషాణములోని ధనము.

నడవ దాఁటిన మండువా. నాలుగువైపుల కప్పులును లోనికి వాలి వాననీటిని నడుమ పల్లపుటంగణమున దింపును. ఆ నీరు తూముగుండఁ బోవును. రెండు వాలులు కలియు మూలలందు బరువును నీటియురవడియు నధికము. అందుచే మూలస్తంభములు బలమైనవిగా నుండవలయును. వేసఁగిలో వేఁడిగాలి మండువాగుండఁ బైకెగయఁగా, వీథివాఁకిలియుఁ బెరటివాఁకిలియు నొకే వరుస నుండుటచేఁ బెరటి నీడలోని గాలి లోనికి వచ్చును. ఆవల పడమటిల్లు, వంటిల్లు, బావి.

గోడలకు గానుగసున్నము, నేలకుఁ బల్నాటి నాపరాయి, స్తంభములకు దూలములకుఁ డేకు వాడుదురు. కాలనిర్ణయమునకుఁ బెంకు తోడ్పడును. మంగళూరు పెంకును బాసెల్ మిషనువారు 1865లో మంగళూరునఁ జేయ నారంభించిరి; కాఁబట్టి యా పెంకుగల కప్పు అంతకుఁ బూర్వపుది కాదు. కాని గూనపెంకు తీసి దీనిని వేసిన యిండ్లును గలవు గనుక కప్పు వయస్సే యింటి వయస్సనరాదు.

అన్నదమ్ములు పంచుకొని మండువాకు అడ్డుగోడ పెట్టినప్పుడు తూమును గాలియు రెండును జెడును. పిమ్మట రేకో కాంక్రీటో పైఁ బడును; తుదకు ఇల్లే పోవును. ఇంటితోఁ బాటు నడవ, పడమటిల్లు, భోషాణము అను మాటలును విద్యార్థులకు వట్టి శబ్దములగును. పాఠశాలా పండితులు తమ యూరి లోఁగిలి యొక్కదానికైనఁ బటము గీయించి, దిక్కులను, స్తంభముల లెక్కను, ఆ యింటి పెద్దలు ప్రతిభాగమునకుఁ జెప్పు పేరును వ్రాయించినచోఁ జతుశ్శాలకు నిజమైన వ్యాఖ్యానము సిద్ధించును.