ఫోన్ నిషేధం బడి గేటు దాకానే

నేను రాయచోటి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. పిల్లలు బడికి సెల్‌ఫోన్ తేకూడదని 2023 ఆగస్టులో మా రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. టీచర్లూ క్లాసుకు పోయే ముందు ఫోన్ హెడ్మాస్టరుకు అప్పగించాలంది. నిజం చెప్పాలంటే అది పిల్లలకన్నా మాకే ఎక్కువ తగిలింది. మా పిల్లల్లో సొంత ఫోన్ ఉన్నవాళ్లు ఎందరని! పైగా మా హాజరు పడేదీ ఫోన్లోని యాప్‌లోనే.

అయినా ఉత్తర్వు మంచిదే. ఒకసారి ధ్యాస ఫోన్ మీదికి పోతే మళ్లీ పాఠంలో పడటానికి 20 నిమిషాల దాకా పట్టొచ్చని ఆ ఏడాదే యునెస్కో నివేదిక చెప్పింది. మా పీరియడ్ ముప్పావుగంట. రెండుసార్లు మోగిందంటే అశోకుడు కళింగ దాటడు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ 2015లో వెలువరించిన అధ్యయనం ఇంగ్లండులో నాలుగు నగరాల్లోని 91 బడులను చూసింది. ఫోన్లు ఆపాక వెనకబడిన పిల్లల మార్కులు బాగా పెరిగాయి. బాగా చదివేవాళ్లకు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. నాకు నచ్చిన సంగతి ఇదే.

మార్కులు సరే, మనసు మాటేమిటి? బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ వాళ్లు 30 బడుల్లో 1,227 మందిని పరిశీలించి 2025లో ఫలితాలు ప్రకటించారు. నిషేధమున్న బడి పిల్లలకూ లేని బడి పిల్లలకూ మానసిక స్థితిలో తేడా కనబడలేదు. బడిలో వాడకం తగ్గింది గానీ రోజు మొత్తం మీద తగ్గలేదు. ఎక్కువసేపు ఫోన్ చూసే పిల్లల్లో మాత్రం నిద్రా మనసూ రెండూ అంతంతమాత్రమే.

ఇంట్లో రాత్రిపూట ఫోన్ వాడకం మాకు ఫస్ట్ పీరియడ్లోనే తెలుస్తుంది. వెనక బెంచీ మగపిల్లలు తూగుతుంటే కసురుకుంటాం. ఒక పాపను కసరలేను. వాళ్లమ్మ కువైట్‌లో ఇంటిపని చేస్తుంది. అక్కడ తొమ్మిదికి పని ముగిస్తే ఇక్కడ పదకొండున్నర. పాప అమ్మ ముఖం చూసేది అప్పుడే. ఆ ఫోన్ వద్దనే నోరు నాకు లేదు. కాల్ అయ్యాక మొదలయ్యే రీల్స్ గురించే వాళ్లవ్వతో మాట్లాడాను. ఇప్పుడు అమ్మ పెట్టేయగానే ఫోన్ అవ్వ దిండు కిందికి పోతోంది.

మొన్న తల్లిదండ్రుల మీటింగులో ఒకాయన లేచాడు. ‘‘బడిలో ఫోన్ వద్దంటారు, హోంవర్కేమో వాట్సాప్‌లో పెడతారు. ఏంది సార్ ఇది?’’ ఎవరూ మాట్లాడలేదు. నా సబ్జెక్టు వరకు బోర్డు మీదే రాసి డైరీలో ఎక్కించుకోమంటున్నాను. ఫోటో పెడితే పోయేదానికి ఇంత శ్రమెందుకని తోటి టీచర్లు ఇప్పటికీ వాదిస్తున్నారు.