మీకు తెలుసా? తుపాను రాత్రికి తోడుండే బ్యాటరీ

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140-150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి. చాలా ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో గడిపాయి. సంతబొమ్మాళి మండలంలో సముద్రం ఒడ్డునే ఉన్న భావనపాడు వంటి ఊళ్ళో ఇంటికి బ్యాటరీ కొనేది ఫ్యాను గాలి కోసం మాత్రమే కాదు. తుపాను కబురు చెప్పే ఫోను ఆగిపోకుండా ఉండాలి. అందుకే కొనేముందు ఈ సంగతులు తెలుసుకోండి.

బ్యాటరీలో ఎంత కరెంటు ఉంటుందో మీరే లెక్క కట్టుకోవచ్చు. 12 వోల్టుల, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ తీసుకోండి. 12ను 150తో గుణిస్తే 1800 వాట్-అవర్లు. ఇన్వర్టర్ తినేది పోను, బ్యాటరీని పూర్తిగా పిండేయకుండా కొంత మిగిల్చితే చేతికొచ్చేది సుమారు 1200. రెండు పాత ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు, ఒక వైఫై రూటర్, ఫోను ఛార్జింగ్ కలిపి 210 వాట్ల వరకు లాగుతాయి. అంటే ఆరు గంటలకు కాస్త తక్కువే.

పెద్ద బ్యాటరీ కన్నా ముందు ఫ్యాను మార్చడం మేలు. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే, బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 చాలు. రెండూ మారిస్తే పై లెక్కలో అదే బ్యాటరీ పది గంటలు వస్తుంది.

ఇన్వర్టర్ మీద రాసే వీఏ, వాట్లు ఒకటి కాదు. పవర్ ఫ్యాక్టర్ 0.8 ఉన్న 900 వీఏ ఇన్వర్టర్ మోయగలిగేది 720 వాట్లే. ఫ్రిజ్, నీళ్ళ మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు లాగుతాయి. వాటిని ఇన్వర్టర్ లైనుకు కలపకండి.

బోటు ఇంజనుకో, ట్రాక్టరుకో వాడే బ్యాటరీ ఇంటి ఇన్వర్టర్‌కు పనికిరాదు. ఇంజనును తిప్పే బ్యాటరీలో ప్లేట్లు పల్చగా ఉంటాయి. ఒక్కసారిగా బోలెడు కరెంటు ఇవ్వడమే దాని పని. గంటల తరబడి ఖాళీ చేస్తూ పోతే త్వరగా పాడైపోతుంది. ఇంటికి ట్యూబులార్ బ్యాటరీయే సరైనది.

చాలా ఇన్వర్టర్లకు వెనక ఒక స్విచ్ ఉంటుంది. కరెంటు పోగానే కంప్యూటర్ ఆగి మళ్ళీ మొదలవుతోందంటే దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టి చూడండి. ఆ మోడ్‌లో మార్పు సెకనులో వందో వంతు పాటి సమయంలో జరిగిపోతుంది. వోల్టేజీ మరీ ఎక్కువైనా తక్కువైనా ఇన్వర్టరే బ్యాటరీకి మారిపోతుంది.

చవకగా దొరికే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఫ్యాను గుయ్యిమంటుంది. మోటార్లు వేడెక్కుతాయి. టీవీ, కంప్యూటర్ ఉన్న ఇంటికి ప్యూర్ సైన్ వేవ్ తీసుకోవాలి.

నౌపడలో ఉప్పు పండించే సముద్రమే మన బ్యాటరీ టెర్మినళ్ళనూ తింటుంది. ఉప్పుగాలికి వాటి మీద తెల్లగా, పచ్చగా చిలుము పడుతుంది. బ్యాటరీ వైర్లు విప్పించి, టెర్మినళ్ళు తుడిపించి, పెట్రోలియం జెల్లీ రాయించండి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీళ్ళు వద్దు. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి గాలి ఆడే చోట ఉంచాలి. వరద నీరు అందనంత ఎత్తులో బల్ల వేసి దాని మీద పెట్టండి.

ఇప్పటిదాకా చెప్పుకున్న ఈ సీసం బ్యాటరీ వయసు నూట అరవై ఏళ్ళు దాటింది. 1859లో ఫ్రాన్సుకు చెందిన గాస్తోన్ ప్లాంటే దాన్ని తయారు చేశాడు. లిథియం అయాన్ బ్యాటరీ 1991లో మార్కెట్లోకి వచ్చింది. దాన్ని రూపొందించిన ముగ్గురికి 2019లో నోబెల్ వచ్చింది. ఇళ్ళకు వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం తేలిక, నీళ్ళు పోసే పని లేదు, ఎక్కువ ఏళ్ళు వస్తుంది. ధర మాత్రం ఎక్కువ.

బ్యాటరీలు మన పక్కనే తయారవుతాయి. విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలం కందివలసలో హెచ్‌బీఎల్ సంస్థకు కర్మాగారం ఉంది. అమరాన్ బ్యాటరీలు చేసే అమరరాజాను గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించారు.

20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ 5,000 ఎంఏహెచ్ ఫోనును నాలుగుసార్లు నింపదు. సుమారు మూడుసార్లే నింపగలదు. మిగిలింది వోల్టేజీ మార్పిడిలోనూ వేడిలోనూ పోతుంది. రూటర్ ఒక్కదానికే అయితే 12 వోల్టుల మినీ యూపీఎస్ చాలు.

ఎంత ఖరీదైన ఇన్వర్టరైనా కరెంటు రాకపోతే మళ్ళీ నిండదు. ఫ్యాన్లు తిప్పుకుంటే ఒక్క రాత్రిలో అయిపోయే బ్యాటరీ, ఫోన్లకూ ఒక బల్బుకూ దాచుకుంటే రోజుల తరబడి వస్తుంది. ఇంట్లో ఫోన్లన్నీ ఒకేసారి పెట్టి, నిండగానే ఇన్వర్టర్ కట్టేయండి. ఊరికే నడిచినా అది కొంత తింటూనే ఉంటుంది. స్తోమత ఉంటే డాబా మీద ఒక సోలార్ పలక పెట్టించుకోండి. తుపాను వెళ్ళాక ఎండ తప్పకుండా వస్తుంది.

పాత బ్యాటరీని పెరట్లో పగలగొట్టకండి. సీసం మట్టిలోకి, నూతి నీళ్ళలోకి దిగుతుంది. అది పిల్లల మెదడుకు హాని చేస్తుంది. పాతది తిరిగి తీసుకుని పునర్వినియోగానికి పంపే బాధ్యత 2022 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం తయారీదారులదే. దుకాణంలో ఇస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారు కూడా.

తిత్లీ, హుద్‌హుద్, ఫైలిన్ తుపాన్లు మూడూ అక్టోబరులోనే వచ్చాయి. కాబట్టి దసరాకు ఇల్లు శుభ్రం చేసుకునే రోజునే బ్యాటరీ నీళ్ళు చూసుకోండి, టెర్మినళ్ళు తుడిపించండి, ఓసారి మెయిన్ ఆపి ఎన్ని గంటలు వస్తోందో చూడండి. కొత్తది కొనేవారు కాగితం మీద వాట్లు రాసుకున్నాకే దుకాణం మెట్లెక్కండి.