నడక యంత్రములో కొండదారి

నిలిచిన చోటనే నడిపించే ట్రెడ్‌మిల్లులో కొండదారిని కల్పించేది ముందుభాగమున పట్టా క్రింద దాగిన చిన్న మోటారు. అది మరలు చెక్కిన కడ్డీని త్రిప్పగా, కడ్డీపై జరిగే గొట్టము చట్రమును ఎత్తుతుంది. ఎదురు త్రిప్పితే దించుతుంది. ఎంత లేచినదో పొటెన్షియోమీటరు విద్యుత్సంకేతముగా తెలుపుతుంది. నియంత్రణ ఫలకము దానిని కోరిన వాలుతో పోల్చి, రెండును కలిసిన క్షణమున మోటారును ఆపుతుంది.

ఈ కొలతనే వైద్యులు నమ్ముకొంటారు. రాబర్ట్ బ్రూస్ రూపొందించిన హృదయపరీక్ష 100 అడుగులకు 10 అడుగుల ఎత్తుతో మొదలై, 3 నిమిషములకొకసారి మరి 2 అడుగుల చొప్పున నిటారవుతుంది; వేగము కూడ పెరుగుతుంది. సంకేతము తప్పితే ఫలకమునకు ఆ తప్పు తెలియదు. తెరపై అంకె సరిగానే కనిపిస్తుంది. గుండెబలము మాత్రము తప్పుగా లెక్కకెక్కుతుంది. అందుచేతనే వాలును అడుగునుండి కొసవరకు నడిపి, అప్పుడప్పుడు సరిచూడవలెను.