పరిశోధకుని వంశం, పరిశోధన ఫలితం

ఒక జనసమూహాన్ని గురించి గ్రంథం రాసే పండితుడు ఆ జనుల మధ్య ఎవరిగా మెలిగాడన్న ప్రశ్నను ఐరోపా విశ్వవిద్యాలయాలు చాలాకాలం పట్టించుకోలేదు. నిష్పాక్షిక దృష్టి ఉంటే చాలు, చూసేవాని వర్ణం, జాతి, వంశం శాస్త్రానికి అక్కరలేని సంగతులని భావించాయి. కాని క్షేత్ర పరిశోధనలో చూసేది పండితుడొక్కడే కాదు. ఎదుటివారూ అతన్ని చూస్తారు. ఏది చెప్పాలో, ఏది దాచాలో వారే నిర్ణయిస్తారు.

హాలెండు దేశపు పండితుడు స్నూక్ హుర్‌గ్రోన్యే 1884లో జిద్దా చేరి, ఇస్లాం స్వీకరించినట్లు ప్రకటించి, 1885లో అబ్దుల్ గఫ్ఫార్ అన్న పేరుతో మక్కాలో ప్రవేశించారు. ఆయన స్వీకరణలో చిత్తశుద్ధి ఎంత అన్న వివాదం నేటికీ తెగలేదు. హృదయాల సంగతి తేల్చడం పరిశోధకుల పని కాదు. ఆ పేరు లేకుంటే ఉలమాల పాఠాలు, మక్కా ఇళ్ళలోని ముచ్చట్లు ఆయనకు దక్కేవి కావన్నది మాత్రం నిజం. కొద్ది నెలలకే, హజ్ రాకముందే, తుర్కీ ప్రభుత్వం ఆయనను పంపివేసింది. ఆ తరువాత ఆయన డచ్చి ప్రభుత్వానికి సలహాదారై, అచేలో ప్రతిఘటనకు నాయకత్వం వహిస్తున్న ఉలమాలను అణచి, వంశపారంపర్య నాయకులను చేరదీయమని సూచించారు. ఆయన 1889లో ప్రచురించిన మక్కా ఛాయాచిత్రాలలో అనేకం తీసినది ఒక మక్కా వైద్యుడు. ఆ వైద్యుని పేరు సంపుటంలో లేదు.

దాదాపు శతాబ్దం తరువాత, 1978లో, లైలా అబూ లుగోద్ ఈజిప్టు పశ్చిమ ఎడారిలోని అవ్‌లాద్ అలీ బదూల వద్దకు వెళ్ళారు. ఆమె తండ్రి పాలస్తీనా అరబ్బు, తల్లి అమెరికన్. తండ్రి తానూ వెంట వస్తానని పట్టుబట్టారు. విశ్వవిద్యాలయంలో శిక్షణ పొందిన పరిశోధకురాలికి తండ్రి తోడేమిటని ఆమె మొదట ఇబ్బంది పడ్డారు. దాని అర్థం ఆమెకు తరువాత బోధపడింది. బదూలలో మనిషికి గౌరవం 'అస్ల్' వల్ల, అనగా వంశమూలం వల్ల వస్తుంది. ఒంటరిగా వచ్చిన అవివాహిత యువతికి వెనుక ఎవరూ లేరని అనుకుంటారు. తండ్రి స్వయంగా అప్పగించిన యువతి ఆ ఇంటికి కూతురవుతుంది.

కూతురైనందున కట్టుబాట్లూ వచ్చాయి. ఇష్టం వచ్చినట్లు తిరగడానికి వీల్లేదు, మగవారి వ్యవహారాలు దాదాపు దూరమే. కాని స్త్రీల ఆంతరంగిక లోకంలో స్థానం దొరికింది. పరువు మర్యాదల మాటున పైకి చెప్పుకోరాని విరహాన్ని, దుఃఖాన్ని వారు 'గిన్నావా' అనే చిన్న గేయాలలో పాడుకుంటారు. 1986లో వెలువడిన ఆమె గ్రంథానికి ఆ గేయాలే ప్రాణం. తెల్లజాతి పురుషుడెవరైనా అక్కడ ఏళ్ళ తరబడి కూర్చున్నా అవి అతని చెవిన పడేవా అన్నది అనుమానమే.

అయినా స్వజాతి పరిశోధకునికి విద్యాలోకంలో ఒక పన్ను తప్పదు. అరబ్బు అరబ్బులను గురించి రాస్తే పక్షపాతమేమోనన్న శంక లేస్తుంది. డచ్చివాడు రాస్తే అది శాస్త్రమవుతుంది. 1991లో రాసిన వ్యాసంలో అబూ లుగోద్ ఈ చిక్కునే చర్చించారు. బయటివాడు కూడా ఎక్కడో ఒకచోట నిలబడే చూస్తాడు, ఆ చోటు సామాన్యంగా అధికారం వైపుది అన్నది ఆమె వాదన.

లోపలి మనిషి అన్నమాత్రాన సర్వం విప్పి చెప్పినట్లూ కాదు. బదూ స్త్రీలు తమ బ్రతుకులు ఆమె ముందు పరిచారు. అమెరికాలో తాను గడిపే జీవితం గురించి మాత్రం ఆమె వారికి పూర్తిగా చెప్పలేదు. ఆ మాట ఆమె గ్రంథంలోనే ఉంది.