సుబాబుల్ మేత - పశువు కడుపులోని సూక్ష్మజీవులు

ఖమ్మం జిల్లా కల్లూరు ప్రాంతపు రైతులకు జామాయిల్, సుబాబుల్ తోటలు క్రొత్త కావు. ఈ కర్ర సారపాక కాగితపు మిల్లుకు పోవును. కర్ర నరికిననాడు మిగిలిన రొట్టను పశువులు ఎగబడి తినును. ఎండబెట్టిన సుబాబుల్ ఆకులో మాంసకృత్తులు నూటికి ఇరవై పాళ్లకు మించి యుండగా, వరిగడ్డిలో నాలుగు పాళ్లుండుటయే గొప్ప. దున్నపోతు దూడను బలిపించి మాంసమునకు అమ్మదలచిన రైతునకు ఇంతకన్న చవుకైన బలవర్ధకాహారము దొరకుట కష్టము. కాని, ఆకునే ముఖ్యాహారముగ పెట్టినచో కొన్ని వారములలో పశువు వెంట్రుకలు రాలవచ్చును. నోట చొంగ కారవచ్చును. మెడలోని థైరాయిడ్ గ్రంథి ఉబ్బవచ్చును. బలియవలసిన పశువు చిక్కిపోవును.

ఇందుకు కారణము ఆకులోని మైమోసిన్ అను అమినో ఆమ్లము. అది చేయు హాని తెలియవలెనన్న ముందు పశువు కడుపులోనికి తొంగిచూడవలెను.

నెమరువేయు జంతువు కడుపులోని మొదటి అర పులియబెట్టు తొట్టివంటిది. పెద్ద ఎద్దులో అది నూరు లీటర్లకు పైగా పట్టును. లోపల వేడి సుమారు 39 డిగ్రీలు. ప్రాణవాయువు దాదాపు శూన్యము. అచటి రసము ఒక్క మిల్లీలీటరులో వేయికోట్ల బాక్టీరియా ఉండవచ్చును. గడ్డిలోని సెల్యులోజును విడగొట్టు ఎంజైము పశువునకు స్వయముగ లేదు. ఆ పని ఈ జీవులదే. ఇవి గడ్డిని పులియబెట్టగా ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లములు పుట్టును. పశువునకు కావలసిన శక్తిలో అధికభాగము వీనినుండియే లభించును.

మేత మారినచో ఈ జీవుల పాళ్లును మారును. త్వరగా బలియునని ఒక్కసారిగా నూకలు, జొన్నలు దండిగా పెట్టినచో స్ట్రెప్టోకోకస్ జాతి బాక్టీరియా కొద్ది గంటలలో విజృంభించి లాక్టిక్ ఆమ్లమును పుట్టించును. ఆ పులుపునకు సెల్యులోజును తిను బాక్టీరియా తాళలేవు. పెండ్లివారింట మిగిలిన అన్నము తిని గేదె పడిపోయెనని పల్లెలలో చెప్పుకొనుట ఇదియే. అందుచేతనే దాణాను రెండు మూడు వారములలో క్రమముగ పెంచవలెను.

ఇక మైమోసిన్ మాట. కడుపులోని బాక్టీరియా దానిని డి.హెచ్.పి. అను మరియొక పదార్థముగ మార్చును. విచిత్రమేమన, థైరాయిడ్ పనిని చెరచునది ఈ క్రొత్త పదార్థమే! ఆస్ట్రేలియాలో పశువులు ఇట్లు చెడిపోగా, హవాయి దీవులలో అదే ఆకు తిను మేకలు నిక్షేపముగ నుండెను. వాని కడుపులో ఈ విషమును విరుచు బాక్టీరియా ఉండవలెనని రేమండ్ జోన్స్ అను ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు ఊహించెను. 1980 తరువాతి తొలి సంవత్సరములలో హవాయి మేక కడుపు రసమును ఆస్ట్రేలియా పశువులకెక్కింపగా ఆ ఊహ నిజమయ్యెను. 1992లో ఆ బాక్టీరియాకు ఆయన పేర సినెర్జిస్టిస్ జోన్సియై అని నామకరణము జరిగెను. తరువాత క్వీన్స్‌లాండ్‌లో దానిని తొట్లలో పెంచి, గొడ్డుమాంసమునకై మందలను పెంచువారికి అందించిరి. మందలో పదింట ఒక పశువునకు పోసిన చాలును, మిగిలినవానికి అదియే వ్యాపించునని నమ్మిరి.

కథ ఇంతతో ముగియలేదు. రసము పోసిన మందల మూత్రములో సైతము డి.హెచ్.పి. కనబడుచున్నదని ఇటీవలి పరిశోధనలు తెల్పినవి. ఐనను పశువులు ఆరోగ్యముగనే యున్నవి. కాలేయమే ఆ విషమును వేరొక పదార్థముతో జతపరచి నిర్వీర్యము చేయుచున్నదని కొందరి వాదము. మన ప్రాంతములలో మాత్రము మొత్తము మేతలో సుబాబుల్ మూడవ వంతు మించకుండ, వరిగడ్డితోనో జొన్నచొప్పతోనో కలిపి పెట్టుట పరిపాటి. గుఱ్ఱమునకు నెమరు లేదు గనుక దానికి ఈ ఆకు పెట్టరాదు. జూలు, తోక వెంట్రుకలు ఊడిపోవును.